ఉపవాసంతో చూపు మెరుగవుతుందా? మా నాన్న అద్దాలు తీసేశారు

తూనీగ (సోమవారం, రాత్రి 9:50)
అందరికీ నమస్కారం. మా నాన్నకి 64 ఏళ్లు. షుగర్ వచ్చి 11 ఏళ్లయింది. 21 రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉంటే కళ్లద్దాలు పోతాయని ఎవరో పంపిన వీడియో చూసి మొదలుపెట్టారు. ఈరోజుకి తొమ్మిదో రోజు. ఎంత చెప్పినా వినలేదు.

అసలు సంగతేంటంటే, నిజంగానే తేడా కనిపిస్తోంది. నిన్న పొద్దున అద్దాలు తీసి పక్కన పెట్టి, పేపర్లో చిన్నక్షరాల ప్రకటనలు గడగడా చదివేశారు. పక్కింటివాళ్లని పిలిచి మరీ వినిపించారు. చత్వారం వచ్చిన దగ్గర్నుంచి అద్దాలు లేకుండా మందు చీటీ కూడా చదవలేని మనిషి! ఇప్పుడు వచ్చే వారం ఉన్న కంటి పరీక్ష రద్దు చేయమంటున్నారు. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వెన్నెల_దారి (సోమవారం, రాత్రి 10:20)
తూనీగ గారూ, నా అనుభవం చెప్తాను. ఐదేళ్లుగా రోజుకి 16 గంటలు ఏమీ తినకుండా ఉంటున్నాను. 11 కిలోలు తగ్గాను. కళ్ల మంట పోయింది. దూరపు సైట్ మైనస్ 3.25 ఉండేది, పోయినసారి చూపిస్తే మైనస్ 3 అన్నారు. అరిగించే పని లేనప్పుడు ఒళ్లు తన లోపలి చెత్తని తనే శుభ్రం చేసుకుంటుంది. దాన్నే ఆటోఫజీ అంటారు. దాని మీద పరిశోధనకే 2016లో యోషినోరి ఓసుమి గారికి నోబెల్ వచ్చింది. కాబట్టి మీ నాన్నగారు చెప్పేది కొట్టిపారేయకండి. కానీ షుగర్ ఉన్న మనిషి 21 రోజులు నీళ్ల మీద ఉండటమంటే నాకూ భయంగానే ఉంది.

అద్దాల_అన్న (సోమవారం, రాత్రి 10:31)
తూనీగ గారూ, చూపు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. షుగర్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నారా? ఇంట్లో మిషన్ ఉంటే ఇప్పుడే వేలు గుచ్చి చూడండి.

తూనీగ (సోమవారం, రాత్రి 10:38)
వేసుకుంటున్నారండీ. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్. "మందు మానలేదుగా, భయమెందుకు" అంటున్నారు. పొద్దున చెమటలు పట్టాయట. ఒంట్లో విషం బయటికి పోతున్న గుర్తు అని వీడియోలో చెప్పారట. చూసి చెప్తాను.

తూనీగ (సోమవారం, రాత్రి 10:47)
58. చేతులు వణుకుతున్నాయి. గ్లాసు నోటి దాకా తీసుకెళ్లేలోపే నీళ్లు చొక్కా మీద ఒలికాయి.

అద్దాల_అన్న (సోమవారం, రాత్రి 10:48)
మూడు టీ చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి ఇప్పుడే తాగించండి. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. మత్తుగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 70 దాటినా ఈ రాత్రే డాక్టర్‌కి చూపించాలి. గ్లిమెపిరైడ్ పని చాలా గంటలు ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

తొమ్మిది రోజులుగా తినలేదన్న మాట అక్కడ అడగకముందే చెప్పండి. అన్నాళ్లు పస్తున్న మనిషికి ఒక్కసారిగా తిండి పెట్టేయకూడదు. బి1 విటమిన్ ఇచ్చి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూసుకుంటూ మెల్లగా పెంచుతారు.

లెక్క_తప్పదు (సోమవారం, రాత్రి 11:02)
బి1 మాటకి నేనూ గట్టిగా ఓటేస్తున్నాను. అది అడుగంటితే మెదడు దెబ్బతిని కనుగుడ్లు కదిలించే కండరాలు పట్టు తప్పుతాయి. ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. మనసంతా మీ ఇంటి దగ్గరే ఉంది. కబురు పెట్టండి.

తూనీగ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పంచదార నీళ్లతో 81కి వచ్చింది. ఆసుపత్రికి వెళ్లేలోపు మళ్లీ 63. రాత్రంతా సెలైన్ పెట్టి, గంటగంటకీ చూశారు. మీరు చెప్పినట్టే ముందు బి1 ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు కూర్చుని మాట్లాడుతున్నారు. ఉపవాసం మధ్యలో ఆపించామని నా మీద అలక. "కళ్లు బాగవుతుంటే చెడగొట్టారు" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు, ఎందుకంటే చదవడం నేను కళ్లారా చూశాను.

చిరుజల్లు (మంగళవారం, మధ్యాహ్నం 2:40)
గండం గడిచింది, అదే పదివేలు. మా అమ్మ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. అమ్మకి నీటికాసుల జబ్బు (గ్లాకోమా). ఏళ్ల తరబడి రాత్రిపూట ఒక్క చుక్క మందుతో కంట్లో ఒత్తిడి 14, 15 దగ్గర నిలబడింది. ఒక ప్రకృతి చికిత్సా కేంద్రంలో 40 రోజుల ఉపవాస చికిత్సకి చేరింది. చుక్కల మందు కూడా విషమేనని మాన్పించారు. తిరిగొచ్చాక చూపిస్తే 34. నొప్పి లేదు, ఎరుపు లేదు, ముందుగా ఏ గుర్తూ లేదు. కుడికంటికి పక్క చూపు చాలావరకు పోయింది. ఇప్పుడు గ్లాసు బల్ల మీద పెట్టబోయి, అంచుకి అంగుళం ఇవతల గాల్లో వదిలేస్తుంది. పగిలిన చప్పుడుకి ఆవిడే ముందు ఉలిక్కిపడుతుంది. పోయిన నరం తిరిగి రాదన్నారు.

ఉపవాసం మీద నాకు కోపం లేదు. మందు మాన్పించినవాళ్ల మీద ఉంది.

రావిచెట్టు (మంగళవారం, సాయంత్రం 5:05)
అమ్మా చిరుజల్లూ, చదివి మనసు కలుక్కుమంది. నాదీ అదే జబ్బు. 71 ఏళ్లు. అప్పుడప్పుడు ఒక పూటంతా నీళ్లు కూడా ముట్టకుండా ఉండే అలవాటుంది. చుక్కలు మానలేదు. ఇలా ఉండవచ్చా? అద్దాల అన్న చెప్తే వింటాను.

అద్దాల_అన్న (మంగళవారం, రాత్రి 8:30)
రావిచెట్టు గారూ, నేను కంటి డాక్టర్‌ని కాను. కళ్లు పరీక్షించి అద్దాల నంబరు రాసే పని, 17 ఏళ్లుగా చేస్తున్నాను. మా డాక్టర్లు మీలాంటివాళ్లకి చెప్పేది చెప్తాను. పగలంతా తినకుండా ఉన్నంత మాత్రాన కంటి ఒత్తిడి మామూలుగా పెద్దగా మారదు. ఉపవాసం విడిచేటప్పుడే జాగ్రత్త. దాహమేసి ఒక్క ఊపున లీటరు నీళ్లు తాగేస్తే, నీటికాసులున్నవాళ్లకి కాసేపట్లో ఒత్తిడి పైకి లేస్తుంది. దాన్నే ఒక పరీక్షగా కూడా వాడతారు, కావాలని నీళ్లు తాగించి ఒత్తిడి ఎంత పెరిగిందో కొలుస్తారు. కాబట్టి గుక్కెడు గుక్కెడుగా, గంట సేపట్లో తాగండి. చుక్క వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి. మందు గొంతులోకి జారకుండా కంట్లోనే ఉంటుంది. మీ డాక్టర్‌కి మాత్రం ఈ అలవాటు గురించి చెప్పి ఉంచండి.

తూనీగ గారూ, ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. నాకో అనుమానం ఉంది. రెండు ప్రశ్నలు. అద్దాలు తీసి చదవడానికి ఆయన ఇంతకుముందు ఎప్పుడు ప్రయత్నించారు? అద్దాలు లేకుండా గదికి అటు చివరున్న గడియారంలో టైమెంతో చెప్పగలరా? ఊరికే అడగొద్దు. టైము ఆయనకి ముందే తెలియకుండా, ముల్లు తిప్పి అడగండి.

వెన్నెల_దారి (మంగళవారం, రాత్రి 8:52)
అద్దాల అన్నా, నా 0.25 తగ్గడం గురించి కూడా చెప్పండి. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

అద్దాల_అన్న (మంగళవారం, రాత్రి 9:20)
చెప్తానమ్మా. మా దగ్గర నంబర్లు 0.25 చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకే మనిషిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే ఆ ఒక్క మెట్టు తేడా రావడం మాకు రోజూ ఉండేదే. "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగినప్పుడు మీరు చెప్పే జవాబు మీదే కదా ఆధారపడేది.

దూరపు సైట్ అంటే ఏంటో ఒక్కసారి చూడండి. పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే దాదాపు రెండున్నర, మూడు నంబరు మైనస్ వచ్చేస్తుంది. పొట్ట కొవ్వు కరిగినట్టు ఆ గుడ్డు గోడ కరిగి వెనక్కి రాదు. ఎన్ని రోజులు పస్తున్నా కన్ను పొట్టిది కాదు.

పిల్లల్లో, రోజంతా స్క్రీన్ ముందుండేవాళ్లలో ఇంకొకటి ఉంటుంది. దగ్గరి చూపు కండరం బిగుసుకుపోయి, లేని మైనస్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోను పక్కనపెట్టి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే అది వదులుతుంది. ఉపవాసం శిబిరాల్లో ఫోను తీసేసుకుంటారు, తొందరగా పడుకోబెడతారు. పేరు మాత్రం ఉపవాసానికి వస్తుంది. మీ కళ్ల మంట ఎలా పోయిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

వెన్నెల_దారి (మంగళవారం, రాత్రి 9:41)
నిజమే అన్నా. రాత్రి తిండి మానేసినప్పుడే రాత్రి లాప్‌టాప్ కూడా మానేశాను. రెండూ ఒకే నెలలో. ఇన్నాళ్లూ ఆ కోణంలో ఆలోచించనే లేదు. బరువు, నడుం నొప్పి, బీపీ విషయంలో నాకు మేలు జరిగింది, ఆ మాట వెనక్కి తీసుకోను. కళ్ల మాట మాత్రం ఇకమీదట ఎవరికీ చెప్పను.

మూడో_మెట్టు (మంగళవారం, రాత్రి 10:10)
తిండి తగ్గించడం వల్ల చూపు నిలబడ్డ మనిషిని నేను. అందుకే రాస్తున్నాను.

నాకు 29 ఏళ్లప్పుడు బరువు 96 కిలోలు. తలనొప్పి పొద్దున లేవగానే మొదలయ్యేది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే రెండు కళ్లూ కొన్ని క్షణాలు చీకటైపోయి మళ్లీ వచ్చేవి. చెవిలో గుండె చప్పుడుకి తగ్గట్టు హుష్ హుష్ మని శబ్దం. కంటి డాక్టర్ లోపలికి చూసి, కంటి నరం వాచిందని ఆ రోజే స్కానింగ్‌కి పంపారు. గడ్డ ఏమీ లేదు. మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరిగింది, దానికి బరువే ముఖ్య కారణం అన్నారు. మందు ఇచ్చి, డైటీషియన్ చేతిలో పెట్టారు. పది నెలల్లో 17 కిలోలు తగ్గాను. నరం వాపు దిగింది. చూపు నిలిచింది.

ఈ జబ్బున్న 25 మంది ఆడవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మూడు నెలలు రోజుకి 425 కేలరీలే, అదీ డాక్టర్ల కనుసన్నల్లో. తలలో ఒత్తిడి, నరం వాపు, తలనొప్పి మూడూ తగ్గాయి. దాదాపు ఉపవాసమే కదా అది! అయితే అది కంటికి చేసిన వైద్యం కాదు, బరువుకి చేసింది. సన్నగా ఉన్న మనిషి అదే చేస్తే ఏమీ రాదు.

లెక్క_తప్పదు (మంగళవారం, రాత్రి 11:25)
మూడో మెట్టు గారి పోస్టు ఈ చర్చలో నాకు బాగా పనికొచ్చింది. నేను ఉపవాసానికి వ్యతిరేకిని కాను. చదివినంతలో ఏముందో పెడతాను.

2018లో షుగర్ ఉన్న ఎలుకలకి నెలల తరబడి రోజు విడిచి రోజు తిండి పెట్టారు. పేగుల్లో సూక్ష్మజీవులు మారి, రెటీనా (కంటి లోపలి వెనక తెర) దెబ్బతినడం తగ్గింది. దాన్ని చూపించే చాలామంది వీడియోలు చేస్తున్నారు. ఎలుక ఒక రోజు మానితే మన లెక్కలో ఎన్ని రోజులవుతుంది? దాని బతుకే రెండు మూడేళ్లు. ఓసుమి గారి పని కూడా ఈస్ట్ కణాల మీద మొదలైంది. రెటీనా వెనక పొరలోని కణాలు రోజూ పాత ముక్కల్ని మింగి అరిగించుకుంటాయన్నది నిజమే, ఆటోఫజీకి అక్కడ పాత్ర ఉంది. అంత మాత్రాన పూట మానితే మనిషి రెటీనా బాగవుతుందని ఎవరూ చూపించలేదు.

రెండో వైపు మాత్రం మనుషుల మీదే సాక్ష్యం ఉంది. క్యూబాలో 1991 నుంచి 1993 దాకా తిండి కరువైనప్పుడు 50 వేలమందికి పైగా జబ్బుపడ్డారు. చాలామందికి కంటి నరం దెబ్బతిని మధ్య చూపు మసకబారింది, రంగులు వెలిసిపోయాయి. కొందరికి కాళ్లు మొద్దుబారాయి. పొగాకు కూడా తోడైందన్నారు. బి విటమిన్లు పంచాక తగ్గుముఖం పట్టింది. రేచీకటి సంగతి మన పెద్దవాళ్లకీ తెలుసు, ఎ విటమిన్ లేక వచ్చేది. బాగా తినే మనిషి కాలేయంలో అది నెలలకి సరిపడా ఉంటుంది కాబట్టి పది రోజుల పస్తుతో రాదు. కానీ బి1 నిల్వ రెండు మూడు వారాలకి మించదు. 21 రోజులంటే సరిగ్గా ఆ అంచు మీదే నిలబడటం.

తూనీగ (బుధవారం, సాయంత్రం 6:20)
అద్దాల అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. నాన్న ఇంటికి వచ్చారు. ఆయన బాత్రూంలో ఉండగా గడియారం దించి, ముళ్లు పదీ ఇరవైకి తిప్పి మళ్లీ తగిలించాను. వచ్చాక టైమెంతైంది నాన్నా అన్నాను. ఆయన గడియారం కేసి చూసి, కళ్లు చికిలించి, కిటికీలో వెలుతురు చూసి "నాలుగున్నర" అన్నారు. మళ్లీ సరిగ్గా చూడమన్నాను. మంచం దిగి, నడుచుకుంటూ గడియారం దగ్గరికి వెళ్లి, మూరెడు దూరంలో ఆగి చదివారు. "పదీ ఇరవై. ఆగిపోయినట్టుందమ్మా, బ్యాటరీ మార్చాలి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా దొరికింది. అద్దాలు లేకుండా చదవడానికి ప్రయత్నించడం ఇదే మొదటిసారట. ఎనిమిదో రోజున అద్దాలు తీసి చదవమని ఆ వీడియోలో ఉందట, అందుకే తీశారు. ఇంకో మాట. రాత్రిళ్లు బండి నడపడం ఆరు నెలల క్రితమే మానేశారు. ఎదురొచ్చే లైట్లు చీలిపోయి చుట్టూ ముళ్లలా కనిపిస్తున్నాయని ఇవాళే బయటపెట్టారు.

అద్దాల_అన్న (బుధవారం, రాత్రి 8:05)
అనుకున్నదే అయ్యేలా ఉంది. శుక్లం వల్ల కటకం (కంటిలోని లెన్సు) మధ్యలో గట్టిపడుతూ వస్తే దాని శక్తి పెరిగిపోయి, కంటికి మైనస్ వస్తుంది. మైనస్ రెండు, రెండున్నర వచ్చిన కన్ను అద్దాలు లేకుండానే దగ్గరివి చదువుతుంది. చత్వారం మాయమైనట్టు ఉంటుంది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు ఎంతో ఆనందంగా చెప్పే మాట ఇది, "నా చూపు వెనక్కి వచ్చింది బాబూ" అని. ఆ మాట వినగానే మేం టార్చ్ తీస్తాం. దూరం మసకబారుతుంది, కానీ ఇంట్లోనే ఉండేవాళ్లు గమనించరు. మీ నాన్నగారికి అది నెలల క్రితమే వచ్చి ఉంటుంది. అద్దాలు తీసి చూసింది మాత్రం ఇప్పుడే.

షుగర్ బాగా ఎక్కువైనప్పుడు కూడా కటకంలో నీరు మారి మైనస్ రావచ్చు, కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. పరీక్ష రద్దు చేయొద్దు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా మొత్తం చూడమని అడగండి. కొత్త అద్దాలకి తొందరపడొద్దు. షుగర్ ఒకచోట నిలబడి నెల, నెలన్నర గడిచాక తీసిన నంబరే నమ్మకమైనది.

చిరుజల్లు (బుధవారం, రాత్రి 8:30)
గడియారం ఆగిపోయిందనుకున్నారా పాపం. చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

తూనీగ (తర్వాతి వారం, గురువారం, రాత్రి 7:45)
పరీక్ష అయింది. రెండు కళ్లలోనూ శుక్లం, కుడికంట్లో ఎక్కువ. రెండేళ్ల క్రితం దూరానికి అసలు నంబరే లేదు, ఇప్పుడు కుడి మైనస్ 2.25, ఎడమ మైనస్ 1.75. రెటీనాలో షుగర్ వల్ల అక్కడక్కడా చిన్న రక్తపు చుక్కలున్నాయి. మొదటి దశ, ఇప్పుడు వైద్యం అక్కర్లేదు, షుగర్ అదుపులో పెట్టుకుని ఆరు నెలలకోసారి చూపించమన్నారు. షుగర్‌ని ఒక్కసారిగా కాకుండా మెల్లగా దించమన్నారు. అమాంతం దించితే రెటీనా కొన్నాళ్లు ఇంకా పాడైపోవచ్చట. ఉపవాసంతో ఈయన చేసింది అమాంతం దించడమే కదా!

నాన్నకి డాక్టర్ ఆ ఫొటోలు స్క్రీన్ మీద చూపించారు. చాలాసేపు మాట్లాడలేదు. బయటికి వచ్చాక "అయితే నేను చదివింది అబద్ధం కాదుగా" అన్నారు. కాదు నాన్నా అన్నాను.

ఒక ప్రశ్న అడగమన్నారు. ఆపరేషన్ అయితే ఇప్పుడు వచ్చిన దగ్గరి చూపు పోతుందా?

అద్దాల_అన్న (గురువారం, రాత్రి 9:10)
మంచి ప్రశ్న, చాలామంది ఆపరేషన్ అయ్యాక అడుగుతారు. లోపల పెట్టే లెన్సు నంబరు ముందే లెక్కగట్టి ఎంచుతారు. మామూలు లెన్సుని దూరానికి పెడితే చదవడానికి అద్దాలు కావాలి. మైనస్ రెండున్నర దగ్గర ఆపితే ఇప్పటిలాగే అద్దాలు లేకుండా చదువుకోవచ్చు, దూరానికి అద్దాలు పెట్టుకోవాలి. ఏది కావాలో కొలతలు తీసే రోజే సర్జన్‌కి చెప్పాలి. రెటీనాలో షుగర్ మార్పులున్నాయి కాబట్టి, అన్ని దూరాలూ ఒకేసారి కనిపించే ఖరీదైన లెన్సులు ఆయనకి నప్పుతాయో లేదో కూడా అడగండి. ఏది ఎక్కువ అవసరమో ఆయన్నే తేల్చుకోమనండి.

తూనీగ (గురువారం, రాత్రి 9:32)
చదివి వినిపించాను. దూరమే కావాలంటున్నారు. పేపర్‌కి అద్దాలు పెట్టుకుంటాను, గడియారం మాత్రం మంచం మీద నుంచే కనిపించాలి అన్నారు.